కూచిపూడినే బతుకుతెరువు చేసుకోవాలంటే

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగినమ్మాయికి ఇరవై ఆరేళ్లు. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది, ఎం.పి.ఏ. (ప్రదర్శన కళల్లో పీజీ) చేసింది, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. అది మానేసి పూర్తిగా డ్యాన్స్‌లోకి రావాలని ఉంది. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఆరు నెలలుగా కుడి మోకాలు నొప్పి. ప్రోగ్రాం అడిగితే నిర్వాహకులే ఎదురు డబ్బు కట్టమంటున్నారు. యాభై ఏళ్లు వచ్చేదాకా ఈ రంగంలో నిలబడగలనా అన్నది అసలు సందేహం.

నా శిష్యురాళ్ల వయసే కాబట్టి నువ్వు అనే రాస్తున్నానమ్మా. ఏమీ అనుకోకు.

నిలబడగలవు. అయితే నీ ప్రశ్న నిండా స్టేజీయే ఉంది. ఏ ఫెస్టివల్‌కి అప్లై చేయాలి, ఎవరిని కలవాలి, రీల్స్ పెట్టాలా వద్దా అని. శాస్త్రీయ నృత్యంలో కేవలం ప్రోగ్రాముల మీద బతికేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. మిగతా అందరి ఇల్లూ నడిపేది పిల్లలకు నేర్పే క్లాసు. స్టేజీ మీద మనకు వచ్చేదాని కన్నా పెట్టేదే ఎక్కువ: ఆర్కెస్ట్రా, మేకప్, డ్రెస్సు, రానుపోను ఖర్చులు. క్లాసులో సంపాదించి స్టేజీ మీద ఖర్చుపెట్టడం, ఇదీ మన వృత్తి లెక్క. ఇందులో ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటుంది. స్టేజీ కంటే క్లాసే ఒంటిని ఎక్కువ అరగదీస్తుంది. కాబట్టి నువ్వు ఎన్నేళ్లు ఆడతావన్నది నువ్వు ఎలా నేర్పుతావన్న దాన్ని బట్టి ఉంటుంది.

సాయంత్రం క్లాసు ఎలా సాగుతుందో నీకూ తెలుసు. అయిదింటికి చిన్నపిల్లలు, ఆరుంబావుకి మధ్య బ్యాచ్, ఏడున్నరకి పెద్దవాళ్లు. వార్మప్ పిల్లలు చేస్తారు, టీచర్ చేయదు. ఆ పది నిమిషాలూ ఫీజులు, వాట్సాప్, "మా పాపని ముందు వరసలో ఎందుకు నిలబెట్టలేదండీ" అని వచ్చిన తల్లికి సంజాయిషీ. తర్వాత వేడెక్కని కాళ్లతో ఒక్కసారిగా అరమండిలోకి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) దిగి మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, అడవు (నృత్యంలో మూల అడుగు) చూపిస్తుంది. పిల్లలకు ఎదురుగా నిలబడి అద్దంలా చూపించాలి కాబట్టి రోజూ ఒకే వైపు చూపించడం అలవాటైపోతుంది. ఏళ్ల తరబడి ఒకే కాలి మీద దెబ్బ. పైగా ఫ్యాన్ల హోరులో జతులు (అడుగులకు తగ్గ తాళాక్షరాలు) అరిచి చెప్పడం వల్ల గొంతు బొంగురుపోతుంది. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేసరికి ఓపిక ఉండదు. 'రోజంతా ఆడాను కదా, ఇక వేరే సాధనెందుకు' అనిపిస్తుంది.

క్లాసులో ఆడింది సాధన కింద లెక్కకు రాదు. అక్కడ నీ కళ్లు పిల్లల మీద ఉంటాయి, రెండు తాళం చుట్లకోసారి ఆగుతావు, ఒక్క ఐటమ్ కూడా మొదటి నుంచి చివరి దాకా దమ్ము పట్టి చేయవు. అందుకే బాగా నడిచే స్కూళ్ల టీచర్లు కొందరు తరంగం (ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే ఐటమ్) సగానికి వచ్చేసరికి ఆయాసపడుతుంటారు. వయసు మీద పడిందని వాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అది వయసు కాదు, సాధన లేకపోవడం.

కాబట్టి స్కూలు పెట్టిన మొదటి నెల నుంచే కొన్ని పద్ధతులు పెట్టుకో. కొత్త అడవు ఒకసారి పూర్తిగా, శుభ్రంగా చూపించు. ఆ తర్వాత తాళం కొట్టే కర్ర పట్టుకుని కూర్చుని, చెప్పి చేయించు. పాత తరం గురువులు చాలామంది నేర్పింది అలాగే. కూర్చుంటే ఎవరి మోకాలు లోపలికి పడుతోందో, ఎవరి మడమ ఆలస్యంగా తగులుతోందో బాగా కనబడుతుంది కూడా. మళ్లీ మళ్లీ చూపించే పని ఒక సీనియర్ శిష్యురాలికి అప్పగించు, ఆ పనికి డబ్బివ్వు. గురుసేవ పేరుతో ఉచితంగా చేయించుకునే అలవాటు నీ తరంతోనైనా ఆగాలి. వారం వారం వైపు మార్చి చూపించు. ఒక చిన్న కాలర్ మైకు, స్పీకరు కొనుక్కో, అది గొంతుకి బీమా లాంటిది. నీ సాధన మాత్రం ఉదయం పూట, ఇంట్లో వాళ్ల పనులు మొదలవకముందే అయిపోవాలి. గంట చాలు. సాయంత్రానికి వాయిదా వేశావా, ఇక ఆ రోజుకి లేనట్టే.

ఆన్‌లైన్ క్లాసుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి ఆశా వాటి మీదే. అమెరికాలోని తెలుగువాళ్ల పిల్లలకు నేర్పితే ఇక్కడి ఫీజు కంటే బాగా ఎక్కువే వస్తుంది. కానీ గడియారం చూడు. న్యూజెర్సీలో వేసవి కాలంలో రాత్రి ఎనిమిదంటే మనకు తెల్లవారుజామున అయిదున్నర. కాలిఫోర్నియాలో శనివారం ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. రెండూ ఒప్పుకుంటే నీ నిద్ర రెండు వైపుల నుంచీ తరిగిపోతుంది, పడుకుని లేచిన బిగుసు కాళ్లతో నేల తట్టాల్సి వస్తుంది. తెల్లవారుజామువో, రాత్రివో, ఒక్కటే ఎంచుకో. నిద్ర తక్కువైతే కండరం కోలుకోదు. దీనికి ఏ టానిక్కూ లేదు.

ఇక నీ మోకాలు. చూడకుండా ఫలానా అని చెప్పడం తప్పు. క్రీడాకారుల గాయాలు చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లు, వీలైతే అరమండిలో కూర్చున్న వీడియో, జతి చేసిన వీడియో తీసుకెళ్లి చూపించు. మన డ్యాన్స్ ఎలా ఉంటుందో చాలామంది డాక్టర్లకు తెలియదు. ఒక్క ముక్కలో "మానెయ్యండి" అనేవాళ్ల దగ్గర ఆగకుండా ఇంకొకరిని కలువు. నేను ఎక్కువగా చూసిన కారణం మాత్రం చెబుతాను. అరమండిలో కాళ్లు తెరుచుకోవాల్సింది తుంటి దగ్గర. తుంటి ఎంత తెరుచుకుంటుందన్నది ఎముక అమరికను బట్టి మనిషి మనిషికీ మారుతుంది. అది చాలక పాదాలను బలవంతంగా పక్కలకు తిప్పితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. కూర్చున్నప్పుడు మోకాలు నీ పాదం రెండో వేలి మీదుగా వెళ్తోందా లేదా అని అద్దంలో చూసుకో. వెళ్లకపోతే పాదాలు కాస్త లోపలికి తెచ్చుకో. 'అరమండి సరిగా లేదు' అని ఎవరో అంటారు, అననీ.

రెండోది నేల. అపార్ట్‌మెంట్ సెల్లార్లు, ఫంక్షన్ హాళ్లు, స్కూలు వరండాలు, ఎక్కడ చూసినా కాంక్రీటు మీద గ్రానైటో టైల్సో. ఒట్టి కాళ్లతో కొట్టిన ప్రతి దెబ్బా తిరిగి పిక్కలోకి, మోకాల్లోకి, నడుంలోకి వస్తుంది. సొంతంగా స్కూలు పెడితే అద్దాల కంటే ముందు నేల మీద ఖర్చుపెట్టు. చెక్క పట్టీలు పరిచి వాటి మీద పలకలు బిగిస్తే కింద గాలి ఆడి కాస్త స్పందిస్తుంది. అద్దె హాలైతే రబ్బరు షీటు మీద మందపాటి ప్లైవుడ్ పరుచుకున్నా ఎంతో తేడా. మెత్తటి యోగా మ్యాట్లు, ఫోమ్ మ్యాట్లు మాత్రం వద్దు. కాలు దిగబడి చీలమండ మెలిక పడుతుంది, తాళం కూడా వినబడదు.

మూడోది ఒక్కసారిగా పెంచడం. నెలంతా వారానికి మూడు గంటలు చేసి, ప్రోగ్రాం పది రోజుల్లో ఉందనగా రోజుకు నాలుగు గంటలు చేయడం మనవాళ్లందరి రోగం. పిక్క ముందు ఎముకలో నొప్పులు మొదలయ్యేది అప్పుడే. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే చురుక్కుమని, పడుకున్నాక కూడా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయి ఉండొచ్చు. మొదట్లో అది ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. అలాంటప్పుడు నొప్పి బిళ్లలు మింగి, ఇంజెక్షన్ వేయించుకుని స్టేజీ ఎక్కడం గొప్ప అని ఎవరైనా చెబితే వినకు.

డ్యాన్సే ఎక్సర్‌సైజ్ కదా అంటారు. డ్యాన్స్ దమ్ము పెంచుతుంది కానీ, డ్యాన్స్ తట్టుకునే బలం వేరేగా కట్టుకోవాలి. వారానికి రెండుసార్లు తుంటి కండరాలు, తొడలు, పిక్కలు, నడుం బలపడే వ్యాయామాలు, బరువులతో సహా. భుజాలు మోటుగా అయిపోతాయన్న భయం అక్కర్లేదు. మొదలుపెట్టే ముందు ఒళ్లు వేడెక్కేలా కదలడం, ఒకే భంగిమలో నిలిపి సాగదీసేవి అయిపోయాక చేయడం. ఈ వరస మన స్కూళ్లలో చాలాచోట్ల తలకిందులుగా ఉంది.

తిండి మాటకు వస్తే నాకు కోపం ఆగదు. 'కాస్త ఒళ్లు తగ్గు, సత్యభామ లావుగా ఉంటే ఎలా' అని పదిహేనేళ్ల పిల్లల్ని అనేవాళ్లున్నారు. వాళ్లు అన్నం మానేస్తారు, ప్రోగ్రాం రోజున కొబ్బరినీళ్లతో గడిపేస్తారు. చేసే పనికి సరిపడా తిండి లేకపోతే ముందు నెలసరి గతి తప్పుతుంది, తర్వాత ఎముక పలచబడుతుంది. క్రీడా వైద్యంలో దీనికి పేరే ఉంది, ఆర్.ఇ.డి.ఎస్. అంటారు. మూడు నెలలు నెలసరి రాకపోతే 'హాయిగా ఉంది' అనుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 2019-21లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మనం అందులో లేమన్న నమ్మకం ఏమిటి? ఏడాదికోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి చూపించుకో. భోజనం అవగానే కాఫీ, టీ తాగకు, ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ప్రోగ్రాంకి రెండు మూడు గంటల ముందు అన్నమో ఇడ్లీయో తిని వెళ్లు.

ఇప్పుడు డబ్బు సంగతి. 'కళను అమ్ముకుంటామా' అనే మాట వేసి ఉచితంగా ఆడించుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఆ మాటకు మన సంప్రదాయంలో ఆధారం లేదు. కూచిపూడి అగ్రహారమే గోల్కొండ నవాబు తానీషా భాగవతులకు, అంటే అక్కడి నాట్యకారులకు, ఇచ్చిన దానమని చెప్పుకుంటాం. భాగవత మేళాలు ఊరూరా తిరిగి ఆడితే ఊరు ధాన్యమో డబ్బో ఇచ్చి పంపేది. గుళ్లలో ఆడిన కళావంతులకు మాన్యాలుండేవి. పారితోషికం తీసుకుని ఆడటం మనకు కొత్త కాదు. కాబట్టి అడగడానికి సిగ్గుపడకు.

అయితే ఎదురు డబ్బు అడిగేవాళ్లందరూ ఒకటి కాదు. మంచి హాలు, లైట్లు, సౌండు, నిజంగా చూడటానికి వచ్చే జనం ఉండి, పారితోషికం ఇచ్చుకోలేని చిన్న సభలుంటాయి. మొదట్లో ఏడాదికి రెండు మూడు అలాంటివి ఒప్పుకుంటే తప్పులేదు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని, ఉదయం నుంచి రాత్రి దాకా తలా ఎనిమిది నిమిషాలు ఆడించి, శాలువా కప్పి, నాట్య మయూరి లాంటి బిరుదు చేతిలో పెట్టేవాళ్లు వేరే రకం. అక్కడ చూసేవాళ్లు తర్వాత ఆడబోయే పిల్లల తల్లిదండ్రులే. ఆ బిరుదు బయోడేటాలో కనబడితే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. వేలమంది కలిసి చేసే రికార్డు కార్యక్రమాలు సరదాకి, అనుభవానికి బాగుంటాయి. వాటిని నీ సోలో కెరీర్‌లో మెట్టుగా లెక్కవేసుకోకు.

పిలిచినవాళ్లతో ఫోన్లో ఎంత మాట్లాడినా చివరికి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా పెట్టు. నీ పారితోషికం వేరు, ఆర్కెస్ట్రా వేరు, మేకప్, ప్రయాణం వేరు అని విడివిడిగా రాయి. అన్నీ కలిపి ఒక అంకె చెబితే మృదంగం, గాత్రం, వయొలిన్, నట్టువాంగం (తాళాలు కొడుతూ జతులు చెప్పడం) వాళ్లకి ఇచ్చాక నీకు ఆటో డబ్బులే మిగులుతాయి. సగం అడ్వాన్స్. స్టేజీ కొలత, నేల ఏమిటి, డ్రెస్సు మార్చుకోవడానికి తలుపున్న గది ఉందా, బాత్రూం ఉందా. ఇవి అడగడం పొగరు కాదు. బహిరంగ వేదికైతే తివాచీ పరిచి మేకులు కొట్టవద్దని ముందే చెప్పు. ఆ మేకు ఎవరి కాలికి దిగుతుందో నీకు తెలుసు.

ప్రతిసారీ ఆర్కెస్ట్రా భరించలేం కాబట్టి నీ ముఖ్యమైన ఐటమ్స్ మంచి స్టూడియోలో ఒకసారి రికార్డ్ చేయించుకో. పాడినవాళ్లు, వాయించినవాళ్లు ఏయే వాడకానికి ఒప్పుకున్నారో కాగితం మీద ఉండాలి. అన్నమయ్య కీర్తన అందరిదీ. దానికి కట్టిన కొత్త బాణీ, రికార్డింగు మాత్రం ఒకరి సొత్తు. ఎవరిదో ఆల్బమ్ ట్రాక్ వేసి యూట్యూబ్‌లో పెడితే క్లెయిమ్ పడుతుంది. పారితోషికంలో పది శాతం కోసి ఇస్తే అది టీడీఎస్, రిటర్న్ వేస్తే నీ పన్ను లెక్కలోకి వస్తుంది. వదిలేసుకోకు.

కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాల్లో యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి, నీకు దాటిపోయింది. జూనియర్ ఫెలోషిప్ 25-40 మధ్య వాళ్లకి. నెలకు పది వేల చొప్పున రెండేళ్లు, ఒక పరిశోధన ప్రాజెక్టు చేయాలి. ఎం.పి.ఏ. ఉంది కాబట్టి యూజీసీ నెట్ కూడా రాయి. యూనివర్సిటీ ఉద్యోగం ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు, పడినప్పుడు నెట్ చేతిలో ఉండాలి. దూరదర్శన్ గ్రేడు, కళాకారుల్ని విదేశాలకు పంపే ఐసీసీఆర్ ప్యానెల్ తెచ్చుకోవడం మంచిదే, వాటితో ఇల్లు గడుస్తుందనుకోకు. అమెరికా తెలుగు సంఘాల వాళ్లు పిలిస్తే ఏ వీసా మీద అన్నది మొదట అడుగు. విజిటర్ వీసా మీద వెళ్లి పారితోషికం తీసుకుని ఆడకూడదు. మనలాంటి సంప్రదాయ కళాకారుల కోసం పి-3 అనే వీసా ఉంది. 'అందరూ అలాగే వస్తారండీ' అంటే నువ్వు వెళ్లకు.

ఉద్యోగం మానేయాలా? ఇప్పుడే వద్దు. ముందు శని, ఆదివారాల్లో క్లాసు మొదలుపెట్టు. ఆ డబ్బు వరసగా ఏడాది పాటు నీ నెల ఖర్చులో కనీసం సగం భరించి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండి, కంపెనీది కాని సొంత ఆరోగ్య బీమా ఉన్నప్పుడు రాజీనామా ఇవ్వు. వేరే పని చేస్తూ కళ నిలుపుకోవడం చిన్నతనమని అనుకోకు. పెద్ద గురువు వెంపటి చినసత్యం గారు కూచిపూడి నుంచి మద్రాసు వెళ్లి సినిమా నృత్యాల్లో పనిచేస్తూ నిలదొక్కుకున్నారు, తర్వాతే 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కానీ నైట్ షిఫ్టు ఉద్యోగమైతే మాత్రం వేరే టీమ్‌కి మారు. రాత్రి ఉద్యోగం, ఉదయం సాధన, సాయంత్రం క్లాసు ఏ ఒళ్లూ తట్టుకోదు.

పెళ్లి గురించి నేను చెప్పగలిగింది కొంచెమే. 'పెళ్లయ్యాక కూడా డ్యాన్స్ చేసుకోవచ్చు' అని ఏ అబ్బాయైనా అంటాడు. అతను మనసులో అనుకునేది ఇంట్లో సాధన, ఏడాదికో ప్రోగ్రాం. నువ్వు అడగాల్సింది వేరు. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా, శని ఆదివారాలతో సహా, నేను ఇంట్లో ఉండను, ఆ టైములో వంట ఎవరు చేస్తారు? పిల్లలు పుట్టాక ఎవరు చూస్తారు? ఈ మాటలు పెళ్లిచూపుల్లోనే, మీ అమ్మానాన్నల ముందే అడుగు. కాన్పు తర్వాత కనీసం మూడు నెలల దాకా గెంతులు వద్దనే ఫిజియోలు చెబుతారు. పొత్తికడుపు కండరాలు చూపించుకుని, నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఆ ఏడాది అభినయం మీద కూర్చో, నష్టం ఏమీ లేదు.

ఒక ముఖ్యమైన మాట. రిహార్సల్ పేరుతో వేళ కాని వేళ ఒంటరిగా రమ్మనేవాళ్లు, అవకాశానికి బదులు ఇంకేదో ఆశించేవాళ్లు ఈ రంగంలోనూ ఉన్నారు. గురుభక్తి అంటే నోరు మూసుకోవడం కాదు. పదిమంది లోపు పనిచేసే చిన్న సంస్థలో జరిగినా ఫిర్యాదు చేయడానికి 2013 చట్టం కింద జిల్లాకో లోకల్ కమిటీ ఉంటుంది.

యాభై ఏళ్ల దాకా అన్నావు కదా. కూచిపూడి నర్తకుడు రాజారెడ్డి గారు డెబ్బై దాటాక కూడా వేదికెక్కారు. స్త్రీ వేషాలకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు వయసు మీద పడ్డాక కూడా సత్యభామ వేషం కడితే జనం చూపు తిప్పుకోలేదు. అక్కడ ఆడింది ఎక్కువగా కళ్లు, మెడ, జడ, వాచికం (మాట). తరంగంలో పళ్లెం మీద నువ్వు ఇప్పుడు చేసే జతులు నలభై అయిదులో చేయకపోవచ్చు, చేయనక్కర్లేదు. కానీ క్షేత్రయ్య పదం పట్టుకుని జనాన్ని ఇరవై నిమిషాలు కూర్చోబెట్టగలగాలంటే ఆ పని ఇప్పుడే మొదలవ్వాలి. సంగీతం నేర్చుకో, కనీసం తాళం తప్పకుండా పాడుకోగలిగేంత. నట్టువాంగం శ్రద్ధగా నేర్చుకో. ఇతరుల ప్రోగ్రాములకు పిలుపులొస్తాయి, కాళ్లకు విశ్రాంతి దొరికిన రోజుల్లోనూ సంపాదన ఉంటుంది. సత్యభామ కథ ఆడే భామాకలాపంలోని దరువులు (పాటలు) అర్థం తెలిసి చదువు. రీల్స్ చేసుకో, నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే వారానికి ఒక గంట అని పెట్టుకుని చేసుకో. పక్కవాళ్ల ప్రోగ్రాం ఫోటోలు చూసి రాత్రి నిద్ర మానుకునేవాళ్లు నా దగ్గరే ఉన్నారు.

ఈ వారం రెండు పనులు చేయి. ఫిజియో అపాయింట్‌మెంట్ తీసుకో, నీ నెల ఖర్చు అణా పైసలతో రాసుకో. ఆ రిపోర్టు, ఆ అంకె ఇక్కడ పెడితే ఎన్ని బ్యాచ్‌లు కావాలో, వాటిలో ఎన్ని నువ్వు నిలబడి చెప్పాలో, ఎన్ని కూర్చుని చెప్పొచ్చో లెక్క వేసి చెబుతాను. అప్పటి దాకా పళ్లెం ఎక్కకు.